ఇంటి పాట ఊరి పాటైన వేళ

పాటనే వారసత్వంగా అందించిన కుటుంబం ఒకటి మన ఉత్తరాంధ్రలో ఉంది. అది వంగపండు వారిది.

పార్వతీపురం పక్కనున్న పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. పగలంతా ఇనుముతో పని, ఆపైన పాటతో పని. యంత్రం నడిచేది కార్మికుడి కష్టంతోనేనని ఆయన పాట కట్టి పాడితే, అది ఆ యంత్రాల ముందు నిలబడ్డ మనిషి మాట గనుకే జనం నమ్మారు. శ్రీకాకుళం గిరిజన పోరాటం మీదా, భూమి కోసం పడే పాట్ల మీదా ఎన్నో పాటలు అల్లారు. కాళ్లకు గజ్జెలు కట్టి, మన పల్లెల యాసలోనే పాడి ఆడారు. 1972లో మొదలైన జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి నడిచారు. ‘భూమి భాగోతం’ నృత్యరూపకం ఆయనదే.

ఆయన కూతురు ఉష కూడా గాయని. తండ్రి పాటలు పాడుతూ వేదికలెక్కి, రాజకీయ సభల్లోనూ గొంతు వినిపించారు. 2019లో రాష్ట్ర సృజనాత్మకత, సంస్కృతి సమితి అధ్యక్షురాలయ్యారు. పేరున్న తండ్రి నీడలో నిలబడి సొంత గొంతు నిలుపుకోవడం తేలికైన పని కాదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆయన లేకపోయినా పల్లె పాట నిలవాలి. మీ ఊళ్లో జముకుల కథ చెప్పేవారు, తప్పెటగుళ్లు ఆడేవారు ఇంకా ఉంటే వెళ్లి వినండి. పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. వీలైతే ఆ పాటలను ఫోనులో రికార్డు చేసి దాచండి.