మానేసిన మనిషిని ఏమని పిలుద్దాం?



వార్షికోత్సవం పూట తాగుడు మాట ఎందుకప్పా అని కొందరు అడిగినారు. మన ఇండ్లలో ఉండే సంగతే కదా, మనం కాకపోతే ఎవరు మాట్లాడతారు? తాగొద్దని చెప్పడానికి మాత్రం మేము నిలబడలేదు. ఆ మాట విని విని మీకూ విసుగు పుట్టింది. 2007 జూలైలో మన రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. ప్యాకెట్టు పోయింది, సీసా మిగిలింది. కాబట్టి ఈ పొద్దు మానేసిన మనిషి గురించి మాట్లాడుకుందాం.

మాకు బాగా తెలిసిన ఒక నేతగాడు ఉన్నాడు. పేరు చెప్పం. చికిత్స చేయించుకుని ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఒక పెండ్లిలో ఆయన్ని చూసి మేమే, ఈ సంఘంవాళ్ళమే, "ఏమప్పా, ఈ పొద్దు ఇంకా మొదలుపెట్టలేదా?" అని నవ్వినాము. ఆయనా నవ్వినాడు. భోజనం చెయ్యకుండా పోయినాడు. ఆ రాత్రి తాగినాడు. తప్పంతా మాదే అనం, గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆయనదే. కానీ మళ్ళీ తేరుకున్నాక ఒక మాటన్నాడు: "మానినా మీ కండ్లలో నేను తాగుబోతునే అన్నా. ఇంక మానేది ఎవరికోసం అనిపించింది."

ఇంకొకటి కూడా చెప్పినాడు, అది మాకు ఇంకా గట్టిగా తగిలింది. పట్టు తూచి ఇస్తాం, నేసిన చీర తూచి తీసుకుంటాం, అది అందరికీ ఉన్నదే. ఆయనకు మాత్రం రెండుసార్లు తూచినాము. మేము గమనించలేదు, ఆయన గమనించినాడు.

"నేను చేసింది తప్పు" అనుకునే మనిషి దాన్ని సరిదిద్దుకోగలడు. "నేనే పనికిరానోణ్ణి" అనుకునేవాడు ఆ బాధ మరిచిపోవడానికి మళ్ళీ సీసా దగ్గరికే పోతాడు. మొదటిది మిగలాల, రెండోది పోవాల. అంతేగాని పాత అప్పులు మాఫీ అని కాదు, దెబ్బలు తిన్న ఇల్లాలు వెంటనే క్షమించాలనీ కాదు. ఆయమ్మ నమ్మకం ఆయమ్మ ఇష్టం.

1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊర్లో డాక్టర్ బాబ్ అని ఒక సర్జన్ ఉండె. ఆపరేషన్ చెయ్యాల్సిన పొద్దున చేతులు వణుకుతుంటే, నిలకడ కోసం ఒక బీరు తాగి పోయినాడంట. అదే ఆఖరు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళు ఆ జూన్ 10నే తమ పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటారు. ఆ తర్వాత ఆయన, మిత్రుడు బిల్ విల్సన్ కలిసి ఆస్పత్రిలో పడి ఉన్న ఇంకో తాగుబోతును వెతుక్కుంటూ పోయినారు. నేను ఒకరికి పనికొస్తాను అని తెలిసినప్పుడే మనిషికి తన మీద గౌరవం తిరిగొస్తాది. వట్టి పొగడ్తలతో రాదు.

చేతుల వణుకు మనవాళ్ళకూ తెలిసిందే. మానిన తొలిరోజుల్లో తెగిన పోగు అతకడానికి కూడా వేళ్ళు మాట వినవు. ఇక్కడ ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవాళ్ళు ఇంట్లోనే ఉన్నపళంగా మానెయ్యకూడదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో దీనికే వేరే విభాగముంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు, డబ్బులు కట్టబన్లేదు.

మా నేతగాడికి తేలిక పని అని మొదట కండెలు చుట్టమన్నాము. "నన్ను ముసలోళ్ళలో కలిపినారా?" అని చిన్నబోయినాడు. మాకు బుద్ధొచ్చింది. సాదా అంచు చీర ఇచ్చినాము. మామూలు కంటే ఎక్కువ రోజులు పట్టింది, రెండుచోట్ల పోగు తప్పింది. అయినా మొత్తం ఆయనే నేసినాడు. కూలి ఇంటామె చేతికిమ్మని ఆయనే అడిగినాడు, మేము చెప్పలేదు. ఆ చీర ఒక్కసారే తూచినాము.

బడిలో ఆయన కొడుకును "తాగుబోతు కొడుకు" అని పిలిచే పిల్లలు మన ఇండ్ల పిల్లలే. వాళ్ళకు ఆ మాట ఎవరు నేర్పించినారో మనకు తెలుసు. ఈ రాత్రి ఇంటికి పోయి వాళ్ళతో మాట్లాడండి.

ఇంక భోజనాలకు లేద్దాం. వడ్డించేవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఎవరని వెతకొద్దండి.