ఆలీఢమున ముందుంచు పాదమేది?



విలుకాడు బాణము సంధించి నిలిచినట్లు నర్తకి నిలుచు భంగిమకు ఆలీఢమని పేరు. అందు కుడిపాదము చాచవలెనా, ఎడమపాదము ముందుంచవలెనా యను ప్రశ్న చూచుటకు చిన్నది. కాని ఒక గురువువద్ద నేర్చిన బాలిక వేఱొక గురువు ముందు పరీక్షకు నిలిచినపుడు ఈ చిన్న ప్రశ్నయే ఆమె మార్కులకు ముప్పు తేగలదు. తప్పు బాలికది కాదు. శాస్త్రమే రెండు విధములుగా చెప్పుచున్నది.

భరతుడు నాట్యశాస్త్రమున పురుషులకు ఆఱు స్థానములు చెప్పెను. అవి వైష్ణవము, సమపాదము, వైశాఖము, మండలము, ఆలీఢము, ప్రత్యాలీఢము. పాదముల నడిమి దూరమును ఆయన తాళములలో కొలిచెను. ఇది పాటకు వేయు తాళము కాదు. చాచిన బొటనవ్రేలి కొననుండి నడిమివ్రేలి కొనవఱకు గల కొలత, ఇంచుమించు జానెడు. మండలస్థానమున పాదముల నడుమ నాలుగు తాళములుండును. ఆ నిలుకడనుండి కుడిపాదమును ఐదు తాళములు చాచినచో ఆలీఢము. తాఱుమాఱుగా కుడికాలు వంచి ఎడమకాలు చాచినచో ప్రత్యాలీఢము.

నందికేశ్వరుని పేర నున్న అభినయదర్పణమున మాట మాఱినది. కుడిపాదమునకు ముందు మూడు వితస్తుల, అనగా మూడు జానల, దూరమున ఎడమపాదము నుంచవలెను. ఎడమచేత శిఖరము, కుడిచేత కర్తరీముఖము పట్టవలెను. పాదము మాఱినది, దూరము తగ్గినది, హస్తములు వచ్చి చేరినవి. మండలమను పదమునకే అర్థము వేఱైనది. భరతునికి అది ఆఱు స్థానములలో నొకటి. ఆయనయే మఱొకచోట చారుల కూర్పునకును ఆ పేరే వాడెను. దర్పణమున నన్ననో అది పది నిలుకడల కుటుంబనామము, ఆలీఢము అందొకటి.

మన తెలుగువాడగు కోలాచల మల్లినాథసూరి సాక్ష్యము కూడ వినదగినది. రఘువంశము మూడవ సర్గమున రఘువు ఇంద్రునితో పోరుచు ఆలీఢమున నిలుచును. ఆ చోట మల్లినాథుడు యాదవుని నిఘంటువును ఉదాహరించెను. దాని ప్రకారమును కుడిపాదమే ముందు, ఎడమకాలు వంపు.

ఇరువురు కుడి యనిరి గనుక మూడవవారిది తప్పని తీర్పు చెప్పుట కార్యాలయపు సంఘములలో చెల్లునేమో గాని ఇచట చెల్లదు. భరతుని మతమున ఆలీఢమున ఆయుధము సిద్ధపఱచి ప్రత్యాలీఢమున విడువవలెను. ఆయన చెప్పినది రెండడుగుల క్రియ; విడుచువేళ చాచినది ఎడమకాలే. దర్పణకారుడు చెప్పినది ఒక్క నిశ్చలచిత్రము. ఎడమచేతి శిఖరము వింటిని పట్టిన పిడికిలి. వింటిని పట్టిన వైపు పాదమే ముందుకు వచ్చుట కుడిచేతి విలుకానికి సహజము. ఎవరి చోట వారిది ఒప్పు. భరతుని కుడిపాదము చాచి దర్పణపు హస్తములు పట్టినచో మాత్రము అది ఏ గ్రంథమునకును చెందదు. మార్కు తగ్గింపదగినది అచటనే.

కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళి రచించుచు, మొదటి నాలుగధ్యాయములు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని వేఱుగా కేటాయించెను. సంప్రదాయములను ఆ విధముగా విడదీసి చెప్పు పద్ధతి మన పరీక్షకులకును అక్కఱకు వచ్చును. “ఆలీఢమును నిర్వచింపుము” అని అడుగుటకు బదులు ఏ గ్రంథము ననుసరించియో ప్రశ్నపత్రముననే తెలుపవలెను. గురువులును ప్రదర్శన వేదికకు ఒకటే అభ్యసింపజేసినను, రెండు లక్షణములను గ్రంథనామములతో పిల్లలచేత వ్రాయింపవలెను.