శ్రీ నారాయణ గురువు – ప్రతిష్ఠాధికారము

(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసము)



శ్రీ నారాయణ గురువు తిరువనంతపురమునకు సమీపమున నున్న చెంపళంతి గ్రామమున, 1856 ప్రాంతమున, ఈళవ కులమున జన్మించెను. సంస్కృతము నభ్యసించెను, కొంతకాలము బాలురకు చదువు చెప్పెను, పిమ్మట సంచారియై తపస్సు చేసెను. ఇంతవరకు ఆయన చరిత్ర మన మహాత్ములందఱి చరిత్రవంటిదే గనుక విస్తరింపను. నేను ముఖ్యముగా చెప్పదలచినది 1888వ సంవత్సరపు శివరాత్రినాటి యొక కార్యమును గూర్చి.

నాటి తిరువాన్కూరులో ఈళవులకు దేవాలయములే గాక, వాని చుట్టునున్న వీథులును నిషిద్ధములు. వారిలో వైద్యులుండిరి, సంస్కృత పండితు లుండిరి. అయినను సర్కారు కొలువులు వారికి దక్కలేదు. ఆ శివరాత్రినాడు అరువిప్పురమున గురువు నెయ్యారు నదిలోనుండి యొక శిలను తీసి, శివలింగముగా ప్రతిష్ఠించెను. బ్రాహ్మణుడు గాని వానికి ప్రతిష్ఠాధికార మెక్కడిదని యడిగిన వారికి, తాను ప్రతిష్ఠించినది ఈళవుల శివుని మాత్రమేయని ఆయన బదులు చెప్పెనని ప్రసిద్ధి.

న్యాయవాదిని గావున ఈ జవాబును పలుమారులు తలచుకొని ఆనందించుచుందును. ఇందు కోపము లేదు, శాస్త్రప్రమాణము లేదు. శివునకు కులము గలదని ప్రతివాది యొప్పుకొనెనా, ఈళవుల శివుని జోలి అతనికి లేదు. శివు డొక్కడేయనెనా, ఆక్షేపణకే తావు లేదు!

1896లో డాక్టరు పల్పు 13,176 మంది సంతకములతో మహారాజునకు అర్జీ సమర్పించెను. వైద్యపట్టము పొందియు, ఈళవు డగుటచే స్వస్థలమున కొలువు దొరకక మైసూరునకు పోయి పనిచేసినవా డాయన. ఆ అర్జీ ఫలింపలేదు. అర్జీలను నేను తక్కువచేయను. అవి మా జీవనాధారములు. గురువు మాత్రము అనుమతి కోరక మున్ను పని ముగించెను.

అరువిప్పురపు దేవాలయ సంఘమే 1903లో శ్రీ నారాయణ ధర్మ పరిపాలన యోగముగా పెరిగెను. గురువు అధ్యక్షుడు; మహాకవి కుమారన్ ఆశాన్ కార్యదర్శి. కాని యోగమున కులాభిమానము ప్రబలుట చూచి, 1916లో గురువు తాను దాని నుండి తొలగినట్లు పల్పునకు జాబు వ్రాసెను. తా నే కులమునకును చెందినవాడను గానని ఆ యేడే ప్రకటించెను. తన పేర వెలసిన సంఘమును తానే విడుచుట యెందఱికి సాధ్యము? అట్టివానిని నేడు ఒక కులమునకు గురువని వ్యవహరించుచున్నారు. ఇది నాకు కష్టముగా నున్నది.

1917 నాటికి, ఇక దేవాలయములు చాలును, పాఠశాలలు కట్టుడని యుపదేశించుచుండెను. 1927లో కళవంకోడమున విగ్రహమునకు మారు ఒక అద్దమును ప్రతిష్ఠించెను. నదిలోని శిలతో నారంభించినవాడు భక్తునకు వాని ముఖమునే చూపెను.

వైక్కము వీథులకై సత్యాగ్రహము సాగుచుండగా, 1924 సెప్టెంబరులో ఆయన స్వయముగా శిబిరమునకు వెళ్లెను. 1928 సెప్టెంబరు 20న శివగిరిలో సమాధి పొందెను. తిరువాన్కూరు దేవాలయ ప్రవేశ ప్రకటన 1936 నవంబరు 12న వెలువడెను. ఆయన దానిని చూడలేదు.

ప్రవేశము లభించినది, మఱి పూజాధికారమో? ఎఱ్నాకుళము జిల్లా ఆలంగాడు గ్రామపు శివాలయమున, శిక్షణ పొందిన బ్రాహ్మణేతరుని అర్చకునిగా దేవస్వము బోర్డు నియమింపగా, మలయాళ బ్రాహ్మణులే యుండవలెనను ఆచారమును చూపి వ్యాజ్యము నడచెను. మంత్రతంత్రములెఱిగి అర్హతగలవాడైన చాలును, పుట్టుకతో బ్రాహ్మణుడు గానక్కఱలేదని 2002లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అయినను శబరిమల మేల్‌శాంతి పదవికి మలయాళ బ్రాహ్మణులనే పిలుచు ప్రకటనపై వచ్చిన అర్జీలను 2024 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు కొట్టివేసెను.