పాత చిన్న కారు – పాఠశాల విజ్ఞానం
(ప్లాటినమ్ జూబిలీ విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

తెలుగునాటికి వెలుపల నెలకొన్న తెలుగు పాఠశాలలను సమాజం ఒక ప్రశ్న తరచుగా అడుగుతూ ఉంటుంది. మాతృభాషలో పీడనం, ఘర్షణ, భ్రామకం, విద్యుద్విశ్లేషణం చదివిన బిడ్డకు ఆ చదువు ఎక్కడ అక్కరకు వస్తుందని ఆ ప్రశ్న. దానికి సమాధానం చాలా ఇండ్ల ముందే నిలిచి ఉన్నది. తండ్రో, తాతో ఎంతో ఇష్టపడి కొనుక్కొని, నేటికీ విడువలేక ఉంచుకొన్న పాత చిన్న కారే ఆ సమాధానం.

ఉదాహరణకు మారుతి 800ను తీసుకొనవచ్చును. 1983 డిసెంబరు 14వ తేదీన మొదటి కారు తాళపుచెవులను నాటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ కొనుగోలుదారునకు అందజేశారు. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల ఇంజను గల ఈ బండి సామాన్య ఉద్యోగి కుటుంబానికి మొదటిసారిగా నాలుగు చక్రాలను సమకూర్చినది. 1986లో దాని ఆకారం మారినది. 2000వ సంవత్సర ప్రాంతంలో కార్బురేటరు స్థానాన్ని ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షను పద్ధతి ఆక్రమించినది. 2014 జనవరిలో తయారీ నిలిచిపోయినది. అప్పటికి దేశంలో 25 లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోయినవి. అనగా వీటిలో చివరిదానికి కూడా నేడు పదేండ్లు నిండినవి.

సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేండ్లు చెల్లుతుంది. తరువాత తనిఖీలో నెగ్గినచో అయిదేసి సంవత్సరాలకు పొడిగిస్తారు. కనుక పాత కారు ఉంచుకొనుట కేవలం మమకారానికి సంబంధించిన విషయం కాదు. అది రోడ్డుపై నడవడానికి అర్హమా కాదా అనునదే అసలు ప్రశ్న. దానిలో ప్రయాణించే ముసలివారి ప్రాణం, ఎదురుగా సైకిలుపై వచ్చే బడిపిల్లవాని ప్రాణం ఆ ప్రశ్నపై ఆధారపడి ఉన్నవి. శ్రద్ధ లేనిచో పాత బండి ప్రమాదకారి. శ్రద్ధ ఉన్నచో అది ఇంటికి చక్కని ప్రయోగశాల.

మొట్టమొదట ఇంజను ఆయిలు. లోహం లోహంతో రాసుకొనినప్పుడు ఘర్షణ వలన వేడి పుట్టి, రెండూ అరిగిపోతాయని ఎనిమిదవ తరగతి బిడ్డకు తెలుసు. ఆయిలు ఆ రెంటి నడుమ పలుచని పొరగా నిలుస్తుంది. బండిని సమతలంపై నిలిపి, ఇంజను ఆపి, అయిదు పది నిమిషాలు గడచిన పిమ్మట ఆయిలు పుల్లను బయటకు తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీసి చూడవలెను. తడి గుర్తు రెండు గీతల నడుమ ఉండవలెను. తక్కువైతే నష్టమని అందరికీ తెలుసు. ఎక్కువ పోసినా నష్టమేనని కొందరికే తెలుసు. ఈ చిన్న ఇంజనుకు పట్టేది మూడు లీటర్ల లోపే. కనుక అర లీటరు తగ్గినా అది పెద్ద లోటే. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నచో అందులో నీరు చేరినదని అనుమానించవలెను. హెడ్ గ్యాస్కెట్టు చెడినప్పుడు ఇట్లు జరుగుతుంది. అట్టి బండిని నడపక మెకానిక్కుకు చూపించవలెను. మార్చి తీసిన పాత ఆయిలును మురుగుకాలువలో పోయుట మహాపరాధం. దానిని డబ్బాలో పట్టి, తిరిగి శుద్ధి చేసేవారికి చేర్చవలెను.

రెండవది రేడియేటరు. పీడనం పెరిగిన కొలదీ ద్రవం మరుగు స్థానం పెరుగుతుందని పాఠంలో ఉన్నది. మామూలు వాతావరణ పీడనం వద్ద నూరు డిగ్రీలకు మరిగే నీరు, దానికి రెట్టింపు పీడనంలో సుమారు 120 డిగ్రీల వరకు మరుగదు. రేడియేటరు మూత చేసే పని అదే. లోపలి నీటిని ఒత్తిడిలో బంధించి మరుగకుండా ఆపుతుంది. వేడి మీద ఉన్న బండి మూత తిప్పినచో ఒత్తిడి ఒక్కసారిగా తొలగి, నీరు ఆవిరియై ముఖంపైకి ఎగజిమ్ముతుంది. ఈ ఒక్క పాఠం సరిగా వినకపోవుట వలన ముఖాలు, చేతులు కాలినవారున్నారు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత చేరినప్పుడు బండిని ప్రక్కకు ఆపి, ఇంజను కట్టివేసి, పూర్తిగా చల్లబడేవరకు ఓపిక పట్టుటయే విజ్ఞానం. బళ్ళారి, షోలాపూరు వంటి చోట్ల వేసవి ఎండలో ఈ ఓపిక మరింత అవసరం. కుళాయి నీటికి బదులు శుద్ధజలంలో కూలెంటు కలిపి పోసినచో లోపల తుప్పు, లవణాల పెచ్చు పేరుకొనవు. నీరు ఇటుక రంగుకు తిరిగినచో లోపల తుప్పు పనిచేయుచున్నదని గ్రహించవలెను.

మూడవది బ్యాటరీ. సీసపు పలకలు, సజల గంధకామ్లం. రసాయనశాస్త్ర పాఠం అక్కడ సాక్షాత్కరిస్తుంది. మూతలు తీసి చూడ వీలున్న బ్యాటరీలో ద్రవం పలకలకు పైన నిలిచి ఉండవలెను. ఆవిరియై పోయేది నీరే కాని ఆమ్లం కాదు. కనుక తగ్గినప్పుడు డిస్టిల్డ్ వాటరే పోయవలెను, ఆమ్లం ఎన్నడూ పోయరాదు. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ ద్రవం సాంద్రత హైడ్రోమీటరులో 1.26 నుండి 1.28 వరకు చూపుతుంది. టెర్మినళ్లపై తెల్లగా, పచ్చగా పేరుకొన్న పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి తుడువవలెను. క్షారం ఆమ్లాన్ని తటస్థం చేస్తుందన్న సూత్రమే ఇది. విప్పునప్పుడు ముందుగా రుణ తీగను, బిగించునప్పుడు చివరగా రుణ తీగను అనునది నియమం. కారు శరీరమంతా రుణ ధ్రువంతో కలిసి ఉంటుంది. రుణ తీగ ఉండగా ధన తీగను విప్పబోయి పానా శరీరానికి తగిలినచో పెద్ద రవ్వ లేస్తుంది. బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడుతుంది కనుక రవ్వ, అగ్గిపుల్ల దానికి శత్రువులు.

నాల్గవది స్పార్కు ప్లగ్గులు. ఇవి ఇంజను నాలుక వంటివి. వైద్యుడు రోగి నాలుక చూచినట్లు వీటి కొనలను చూడవచ్చును. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పెట్రోలు పాలు ఎక్కువైనదని చెబుతుంది. జిడ్డుతో తడిసి ఉన్నచో లోపల రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఆయిలు పైకి వస్తున్నదని అర్థం. తెల్లబారి పొక్కులు కనిపించినచో ఇంజను అతిగా వేడెక్కుచున్నది. చల్లబడిన ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గునే విప్పి, చూచి, బిగించి, తరువాత రెండవదానిని ముట్టవలెను. మూడింటినీ ఒకేసారి విప్పినచో తీగలు తారుమారు అయ్యే ప్రమాదం కలదు. మరను మొదట చేతి వ్రేళ్లతోనే తిప్పి ఎక్కించవలెను. పానాతో బలవంతం చేసినచో మెత్తని అల్యూమినియపు మర చెడిపోతుంది.

అయిదవది చక్రం. విడిచక్రానికి ఇండ్లలో వాడే ‘స్టెప్నీ’ అన్న మాట వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణపు స్టెప్నీ వీధి నుండి వచ్చినది. 1904లో అక్కడి దుకాణంలో పుట్టిన అదనపు చక్రం పేరు భారతదేశంలో ఇంటింటి మాటగా నిలిచినది. ఆ స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో నెలకొకసారి చూడకున్నచో అది డికీలోని బరువు మాత్రమే. చక్రం మార్చునప్పుడు బండిని గట్టినేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, ఎదుటి మూల చక్రానికి రాయి అడ్డుపెట్టి, నట్లను జాకీ ఎత్తకముందే కొంత వదులు చేయవలెను. చక్రం గాలిలో లేచిన పిమ్మట బలం ప్రయోగించినచో బండి జారిపడుతుంది. నట్టు కదలనప్పుడు బలం పెంచనక్కరలేదు, పానా పిడి పొడవు పెంచిన చాలును. బలాన్ని దూరంతో గుణించినదే భ్రామకం కదా. బిగించునప్పుడు ఎదురెదురు నట్లను వరుసగా బిగించవలెను. ఎట్టి పరిస్థితిలోను జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రిందికి మనిషి దూరరాదు. టైరుపై కాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో చట్టం దానిని అంగీకరించదు. టైరు ప్రక్కన గల నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అనగా 2019లో 23వ వారం. కొద్దిగానే తిరిగే పాత కారులో కాడి అరుగకున్నా రబ్బరు ముసలిదై పగులుతుంది.

ఆరవది బ్రేకు. మూసిన పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలకు సమానంగా ప్రసరిస్తుందన్న పాస్కల్ నియమమే పాదపు ఒత్తిడిని నాలుగు చక్రాలకు చేరవేస్తుంది. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ద్రవం దీర్ఘమైన ఘాట్ దారిలో వేడికి ఆవిరియై, బ్రేకు పట్టు తప్పుతుంది. కనుక సుమారు రెండేండ్లకొకసారి దానిని మార్పించవలెను. పెడల్ మెత్తగా స్పంజివలె దిగినచో గొట్టాలలో గాలి చేరినదని అర్థం. డబ్బాలో ద్రవం మట్టాన్ని చూచుట ఇంటివారి పని. అది అకస్మాత్తుగా తగ్గినచో పైపైన నింపి ఊరుకొనక కారణం వెదకించవలెను.

సముద్రానికి దగ్గరనున్న యానాంలో, చెన్నైలో, గోపాలపురం తీరానికి దగ్గరనున్న బరంపురంలో పాత కారుకు అసలు శత్రువు ఉప్పుగాలి. ఇనుము, ఆమ్లజని, తేమ కలిసినచో తుప్పు. లవణం తోడైనచో మరింత త్వరగా తుప్పు. తలుపుల అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రాలు కలవు. అవి మట్టితో మూసుకొనిపోయినచో లోపలి నీరు రేకును తినివేస్తుంది. ఒక సన్నని పుల్లతో వాటిని తెరచుట అయిదు నిమిషాల పని. చేయని పక్షంలో కొన్నేండ్లకు తలుపే మార్పించవలసి వస్తుంది. కాలిక్రింది చాపలెత్తి నేల రేకు చూచుటయు అట్టిదే.

ఇంటి పనికి హద్దు కూడా ఉన్నది. ఆ హద్దు తెలియుటయే సగం విద్య. స్టీరింగు, బ్రేకు గొట్టాలు, టైమింగు బెల్టు, గ్యాసు సిలిండరు అమరిక – ఇవి శిక్షణ పొందినవారి చేతిలోనే ఉండవలెను. మాడిన ఫ్యూజు స్థానంలో రాగితీగ చుట్టుట పొదుపు కాదు. ఎక్కువ విద్యుత్తు వచ్చినప్పుడు తాను కరిగి బండిని కాపాడుట కొరకే ఫ్యూజు పుట్టినది. దాని బదులు తీగ పెట్టినచో కరగవలసినది కరగక, కాలరానిది కాలిపోతుంది.

ప్రతి కారుకు ఒక నోటుపుస్తకం ఉండవలెను. తేదీ, మీటరుపై కిలోమీటర్లు, చేసిన పని, మార్చిన వస్తువు, అయిన ఖర్చు తెలుగులో వ్రాయవలెను. ఇంటిలోని పదవ తరగతి బిడ్డకు ఈ బాధ్యత అప్పగించినచో లెక్క, భాష, విజ్ఞానం మూడూ ఒకచోట కుదురుతాయి. బాలికను ఈ పని నుండి తప్పించుట న్యాయం కాదు. పానా పట్టుటకు కావలసినది మగతనం కాదు, అవగాహన. రాత్రివేళ దారిలో టైరు పంచరైనప్పుడు స్టెప్నీ మార్చుకొనగల ఆడబిడ్డ ఎవరి దయకూ ఎదురుచూడవలసిన పని ఉండదు.

చివరగా భాషను గూర్చి ఒక మాట. షెడ్డులోని మెకానిక్కు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో మాట్లాడవచ్చును. పానా అన్న మాట తెలుగు, మరాఠీ షెడ్లు రెండింటిలోను ఒకటే. కారణం తెలిసినవాడు ఏ భాషలోనైనా సరియైన ప్రశ్న అడుగగలడు. కారణం తెలియనివాడు ఏ భాష వచ్చినా చెప్పినంత డబ్బు చెల్లించి రావలసినదే. ఆ కారణం బుద్ధికి హత్తుకొనేది బిడ్డ ఇంట మాట్లాడే భాషలో విన్నప్పుడే. డెబ్బది అయిదేండ్లుగా ఇట్టి పాఠశాలల నల్లబల్లపై వ్రాసిన సూత్రాలు పరీక్ష పత్రంతో ముగిసిపోరాదు. అవి జిడ్డంటిన చేతులలోకి దిగి, కుటుంబాన్ని క్షేమంగా ఇల్లు చేర్చినప్పుడే చదువు సార్థకమవుతుంది.

స్వస్తి.