గీతలు మారిన నేల: శ్రీకాకుళం ఓటు కథ

(సర్దార్ గౌతు లచ్చన్న స్మారకోపన్యాసం)



లచ్చన్నగారి పేరున జరిగే సభలో ఆయన్ని పొగిడి కూర్చుంటే నాకూ సుఖం, మీకూ సుఖం. కానీ ఆయనకు పొగడ్త కన్నా పేచీ ఇష్టమని ఎరిగినవాళ్లు చెబుతారు. అందుకని ఈ పూట శ్రీకాకుళం ఓటు చరిత్ర చెప్పి, దాన్లో నాకున్న పేచీ కూడా మీ ముందు పెడతాను. ఈ ఉత్తరపు కొసన నియోజకవర్గాల గీతలు ఎవరో ఎక్కడో గీస్తూ, చెరుపుతూ వచ్చారు. గీత నిలవని చోట మనవాళ్లు ఇంటిపేర్లను పట్టుకున్నారు. నా పేచీ ఆ పట్టుకోవడంతోనే.

మొదటి గీత ఎన్నికల కన్నా ముందే పడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం విడి జిల్లా అయింది. ఏడాదిన్నరలోపే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చిపడ్డాయి.

ఆనాటి పోలింగు ఎలా జరిగేదో ఇక్కడున్న కుర్రాళ్లకు తెలియాలి. బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేయడం అప్పటికింకా లేదు. చాటున ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనుప పెట్టె, దాని మీద అతికించిన గుర్తు. ఓటరు లోపలికి వెళ్లి, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి రావాలి. చదువురాని జనానికి ఇది తేలిక. ఇద్దరు సభ్యుల నియోజకవర్గంలో మాత్రం తేలిక కాదు. ఒక స్థానం అందరిదీ, రెండోది షెడ్యూల్డ్ కులాలకో తెగలకో కేటాయించింది. ఓటరుకు రెండు ఓట్లు, ఆ రెండూ ఒకే మనిషికి వేయకూడదు. కొండ దిగి, వాగు దాటి వచ్చిన సవర ముసలమ్మకు ఈ లెక్క నిమిషంలో ఎవరు విడమరిచి చెప్పగలరు? అయినా పోలింగు జరిగింది, ఫలితాలూ వచ్చాయి.

1952లో మన వైపు పాతపట్నం పేరున ఒక లోక్‌సభ స్థానం ఉండేది. అక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచింది బరంపురంలో పుట్టిన వి.వి. గిరి. కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. తర్వాతి ఎన్నికలకు ఆ స్థానమే లేదు. గిరి పార్వతీపురానికి మారారు. అది ఇద్దరు సభ్యుల స్థానం, ఒకటి గిరిజనులకు. 1957లో లెక్కింపు ముగిసేసరికి అందరికన్నా ముందు కాంగ్రెస్ గిరిజన అభ్యర్థి బిడ్డిక సత్యనారాయణ ఉన్నారు. రెండో వ్యక్తి దిప్పల సూరిదొర, ఆయనా గిరిజనుడే. మూడో స్థానంలో గిరి, స్వల్పమైన తేడాతో.

రిజర్వుడు స్థానం ఒకటే కదా, ఇద్దరు గిరిజనులు ఎలా గెలుస్తారన్నది గిరి వాదం. వ్యాజ్యం ఎన్నికల ట్రిబ్యునల్ నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచింది. సూరిదొర అసలు గిరిజనుడే కాడు, క్షత్రియుడినని చెప్పుకున్నాడని కూడా వాదించారు. న్యాయస్థానం దాన్ని తోసిపుచ్చింది. 1959లో ఇచ్చిన తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు తేల్చింది ఇదీ: రిజర్వుడు స్థానం నిండాక మిగిలిన స్థానం అందరిదీ, అందులో ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు గెలిస్తే ఆపే హక్కు ఎవరికీ లేదు. జనరల్ స్థానం గిరిజనులకు మూసిన తలుపు కాదని ఈ దేశ న్యాయశాస్త్రంలో రాయించింది మన ఏజెన్సీ ఓటు. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో లేదు, మన సభల్లోనూ వినపడదు. మనమెంతసేపూ వెనకబడిన జిల్లా అని గుండెలు బాదుకోవడంలోనే ఉంటాం. 1961లో పార్లమెంటు ఆ ఇద్దరు సభ్యుల పద్ధతినే ఎత్తేసింది. ఓడిన గిరిగారు గవర్నరై, ఉపరాష్ట్రపతై, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన్ని ఓడించామని పార్వతీపురం వైపు ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు.

శ్రీకాకుళం స్థానం విషయం వేరు. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన బొడ్డేపల్లి రాజగోపాలరావు 1957, 1962లలో కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1971, 1977, 1980లలో మళ్లీ ఆయనే. మొత్తం ఆరుసార్లు. మధ్యలో ఒక్క 1967 దగ్గర ఆ వరస తెగింది. తెంపింది లచ్చన్న.

లచ్చన్న 1909 ఆగస్టు 16న బారువలో గీత కులంలో పుట్టారు. జాతీయోద్యమంలో జైళ్లు చూశారు. మద్యనిషేధం వల్ల కూడు పోయిన కల్లుగీత కార్మికుల కోసం సత్యాగ్రహం నడిపారు. 1954లో ప్రకాశం మంత్రివర్గం ఆ నిషేధం గొడవలోనే ఒక్క ఓటు తేడాతో కూలింది. లచ్చన్న గురువు, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గుంటూరు మనిషి. ఆ రంగాకు ఈ నేల కొత్త కాదు. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అదే ఏడు మందస జమీందారీ మీద తిరగబడిన రైతుల్లో గున్నమ్మ పోలీసు తూటాకు బలైంది. జమీందారీ వ్యతిరేక పోరాటాల వేడి చల్లారని తాలూకాలివి.

1967లో రంగా ఓడిపోయారు. అప్పటికి లోక్‌సభలో స్వతంత్ర పార్టీ 44 మందితో అతి పెద్ద ప్రతిపక్షం, దానికి నాయకుడైన రంగాయే సభలో లేని పరిస్థితి. సోంపేట శాసనసభకూ, శ్రీకాకుళం లోక్‌సభకూ రెండింటికీ గెలిచిన లచ్చన్న పార్లమెంటు స్థానాన్ని వదులుకున్నారు. ఉప ఎన్నికలో రంగా గెలిచి ఢిల్లీ వెళ్లారు. గురుభక్తికి ఇంతకు మించిన ఉదాహరణ లేదని ఏటా చెప్పుకుంటాం. నిజమే. కానీ ఆ సీటు లచ్చన్న జేబులోది కాదు కదా, మనది. ఓటరును ఎవరైనా అడిగారా? 1971లో ఓటరు తనంతట తాను జవాబిచ్చాడు, రంగా ఓడి రాజగోపాలరావు తిరిగొచ్చారు. 1994లో ఎన్టీ రామారావు టెక్కలి, హిందూపురం రెండు చోట్లా గెలిచి టెక్కలిని వదులుకున్నప్పుడు కూడా మనవాళ్లు కిమ్మనలేదు. ఉప ఎన్నికలో హనుమంతు అప్పయ్యదొరను గెలిపించి ఊరుకున్నారు. పెద్దమనిషికి సీటు ఇవ్వడం గౌరవమే. ఆయన వదిలేసి వెళ్తుంటే చప్పట్లు కొట్టడం ఏం గౌరవమో నాకు బోధపడలేదు.

మళ్లీ 1967కే వద్దాం. ఆ ఏడు అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయారు. గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవాళ్లు వాళ్లు. పల్లాన స్వేచ్ఛా వ్యాపారం కోరే స్వతంత్ర పార్టీ నాయకుడికి ఓటు వేసిన జిల్లాలోనే, మెట్టన తుపాకీ పట్టే ఉద్యమానికి ఆ ఏడే నిప్పు రాజుకుంది. ఉద్దానంలో బొడ్డపాడు లాంటి ఊళ్లు అందులో దూకాయి. ఎన్నికలను బహిష్కరించమని ఉద్యమం పిలుపునిచ్చింది. 1970 జులైలో దాని నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణించాక ఉద్యమం నీరసించింది. ఆ తర్వాత 1977లో రాష్ట్రంలో 42కి 41 స్థానాలు కాంగ్రెస్‌కు పోయినప్పుడు మన ఓటూ అటే పోయింది. అణచివేత తర్వాతి మౌనాన్ని సమ్మతి అని లెక్కకట్టడం పొరపాటని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

1983 నుంచి మీ అందరికీ తెలిసిన కథే. సైకిలు గాలి మన వైపు గట్టిగా వీచింది. ఇచ్ఛాపురం ఒక్క 2004లో తప్ప ఇప్పటిదాకా తెలుగుదేశాన్ని వదల్లేదు. 1983లోనే హరిశ్చంద్రపురం నుంచి ఇరవయ్యారేళ్ల కుర్రాడు ఎర్రన్నాయుడు శాసనసభకు వెళ్లాడు. 1996లో లోక్‌సభకు వెళ్లి 2009 దాకా నిలిచాడు. 2009లో డాక్టర్ కిల్లి కృపారాణి ఆయన్ని ఓడించారు. 2012 నవంబరులో రోడ్డు ప్రమాదం ఆయన్ని తీసుకుపోయింది. 2014 నుంచి ఆయన కొడుకు రామ్మోహన్ నాయుడు మన ఎంపీ.

2019 లెక్క ఒక్కటి గమనించండి. ఈ లోక్‌సభ పరిధిలోని ఏడు శాసనసభ స్థానాల్లో అయిదు వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. అయినా పార్లమెంటుకు తెలుగుదేశం అభ్యర్థి 6,653 ఓట్ల తేడాతో గట్టెక్కాడు. ఒకే పూట, ఒకే బూతులో ఒక మీట ఫ్యానుకు, ఇంకో మీట సైకిలుకు నొక్కినవాళ్లు వేలల్లో ఉన్నారన్నమాట. మన ఓటరుకు ఏమీ తెలియదనేవాళ్లకు ఇదే జవాబు. మరి ఆ తెలివి పార్టీని చూసిందా, ఇంటిని చూసిందా? ఇల్లే చూసిందంటాను. లచ్చన్నగారి ఇంట్లో మూడో తరం 2024లో పలాస నుంచి గెలిచింది. ఆయన పేరు పెట్టుకున్న సభలో ఈ మాట అనడం మర్యాద కాదేమో గానీ, అనకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది.

ఇల్లే ఎందుకు? ఎందుకంటే నియోజకవర్గం నిలవదు. లచ్చన్నకూ, ఆయన కొడుకు శివాజీకీ పేరు తెచ్చిన సోంపేట స్థానం ఇప్పుడు లేదు. 2001 జనాభా లెక్కలతో జరిగిన పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రపురం స్థానాలు రద్దయ్యాయి, పలాస కొత్తగా వచ్చింది. సోంపేట మండలాన్ని ఇచ్ఛాపురంలో కలిపారు. మార్పు తర్వాత మొదటి ఎన్నిక 2009లో. 2010 జులై 14న బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న సోంపేట రైతుల మీద, మత్స్యకారుల మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజు సోంపేట పేరున శాసనసభలో కుర్చీ లేదు.

ఓటరూ నిలవడు. పోలింగు ముందు రోజు పలాస స్టేషన్లో నిలబడి చూడండి. హైదరాబాదు, చెన్నై వైపు నుంచి వచ్చే బళ్ల జనరల్ బోగీల్లోంచి తాపీమేస్త్రులు, సెంట్రింగు కూలీలు, అపార్ట్‌మెంటు వాచ్‌మన్లు కుటుంబాలతో సహా దిగుతారు. గుజరాత్ వెరావల్ రేవులో పడవెక్కే మన మత్స్యకారులు ఆ వేళకు రాలేకపోతే వాళ్ల ఓటు పట్టికలోనే ఉండిపోతుంది. మిగతా ఏడాదంతా ఊళ్లో లేనివాడికి ఎమ్మెల్యే పనితీరు తెలియదు, ఫలానా ఇంటి మనిషి అన్న గుర్తే తెలుసు.

ఈ సూత్రం అన్నిటికీ చెల్లదు, అదీ చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, దాంతోపాటు మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. దశాబ్దాల మొర అది. ఆరు నెలలు తిరక్కుండానే జరిగిన ఎన్నికలో వాటిని తెచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ ఇక్కడి ఏడు స్థానాల్లోనూ ఓడిపోయింది. ఇంటిపేరుతో దీన్ని విప్పలేం, కృతఘ్నత అనీ తేల్చలేం. రాష్ట్రమంతా వీచిన గాలికి మన కొస మినహాయింపు కాలేదనే అనుకుంటున్నాను.

ఇక రాబోయేది ఇంకో గీత. జనాభా లెక్కల తర్వాత పునర్విభజన జరుగుతుంది, మహిళా రిజర్వేషనూ దానితోనే ముడిపడి ఉంది. పోయినసారి కమిషన్ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు పిలిచింది, బహిరంగ విచారణలు పెట్టింది. ఈసారి ముసాయిదా వచ్చేలోగా సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పంచాయతీలు కూర్చుని, ఏ ఊరు ఏ ఊరితో ఉండాలో తీర్మానాలు రాసి పెట్టుకోవాలి. వాటిలో వలస ఓటర్ల సంగతి ప్రత్యేకంగా రాయాలి. ఈ సభ నిర్వాహకులే ఆ పనికి మొదటి సమావేశం పిలిస్తే బావుంటుంది. తేదీ చెప్పండి, నేనొస్తాను.