బాలల ఆటలలో గెలుపు



పాఠశాల క్రీడోత్సవము ముగిసి పిల్లవాడు ఇల్లు చేరిన వెంటనే తండ్రి వేయు మొదటి ప్రశ్న "గెలిచితివా?" అనునది. "ఈ దినము క్రొత్తగా ఏమి చేయగలిగితివి?" అని అడుగు తండ్రులు అరుదు. సీనియారిటీ జాబితాలతో కాలము గడుపు ఉద్యోగులకు వరుసక్రమముపై మక్కువ యుండుట వింత కాదు.

గెలుపును వేఱు విధముగా కొలిచిన ఉపాధ్యాయులొకరు హైదరాబాదులో నుండిరి. సయ్యద్ అబ్దుల్ రహీంగారు బడిలో పాఠములు చెప్పినవారు. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకము గెలిచిన భారత జట్టులకు వారే శిక్షకులు. ఇది పలువు రెఱిగినదే. అంతగా ప్రచారములోనికి రానిది వారు ఏర్పఱచిన పోటీల తీరు. ఒక పోటీలో వాటము లేని కాలితోనే బంతిని తన్నవలెను. మఱియొక దానిలో బంతిని కాళ్ళ నడుమ త్రిప్పుచు ఒంటరిగా చొచ్చుకొనిపోవుట నిషిద్ధము. అందిన బంతిని తోటివాని కందింపవలసినదే. ఇట్టి నియమము పెట్టినచో నేమగును? జట్టులోని మేటి ఆటగాడు తడబడును. ఎవ్వరును బంతి నందింపని బక్కపిల్లవానికి సైతము బంతి చేరును. కప్పు ఒక జట్టునకే దక్కినను, ఓడినవానికి ఎడమకాలు మిగులును.

రహీంగారు గెలుపును చులకన చేసినవారు కారు. జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి కలిగెను. తుదిపోటీలో ఆ జట్టునే భారత జట్టు 2-1తో ఓడించెను. వెనుక వరుసలో కాపుదలకుండు జర్నైల్ సింగును ముందునకు నిలుపగా, ఆయన ఒక గోలు చేసెను. అలవాటైన చోటు విడిచి ఆడగలుగుట ఒక్క దినమున వచ్చు విద్య కాదు.

పండ్రెండేండ్ల వయస్సున దేహముల యెదుగుదల సమానముగా నుండదు. ముందు పొడవైనవాడు గెలుచును. ఆలస్యముగా నెదుగువాడు గట్టున కూర్చుండి, మఱుసటి యేడు బడి మైదానమునకే రాడు. వానిలో నేమి యుండెనో ఎవ్వరికిని తెలియదు. కొందఱు తల్లిదండ్రులు ఇంకొక యడుగు ముందునకు వేసి, క్రీడాపత్రములో పుట్టినతేదినే దిద్దింతురు. సర్వీసు రిజిస్టరులో తేది మార్చుట ఎంతటి నేరమో ఎఱిగినవారును ఇందుకు వెనుదీయరు!

ఈ సంఘము ఏటేట జరుపు పిల్లల పోటీలలో ఈసారి ఎడమకాలి ఆట యొకటి పెట్టి చూడవచ్చును. ఎడమవాటము పిల్లలకు కుడికాలు. పిల్లలందఱికిని ఆడు వంతు రావలెను. పెద్దలు గట్టుమీద కూర్చుండవచ్చును గాని, గోలుల లెక్క పిల్లలకే విడువవలెను.