మన చేలకింద రాయి – మన బోరులో నీరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి వదిలి ఈ రాళ్ళగోల ఏమిటని వెనక వరసలో కొందరు అనుకుంటున్నారు. కాస్త ఓపిక పట్టండి. మోకాళ్ళ నొప్పుల దాకా వస్తాను.

నరసరావుపేట నుంచి సంతమాగులూరు మీదుగా అద్దంకి పోయేటప్పుడు మనం చూసేది నల్లరేగడి, అందులో పత్తి, మిరప. కింద ఏ రాయి ఉందో ఎవరికి కావాలి? ఆ దారికి దగ్గరలోని ఏల్చూరు మాత్రం భూగర్భశాస్త్రం చదివిన విదేశీయులకు కూడా తెలిసిన ఊరు. అక్కడిది నెఫిలిన్ సైనైట్ అనే రాయి.

సైనైట్ గ్రానైటుకు దాయాది. గ్రానైటులో ఫెల్స్‌పార్, పలుగురాయి, అభ్రకం ఉంటాయి. సైనైటులో పలుగు ఉండదు, ఉన్నా బహు స్వల్పం. ఏల్చూరు రాతిలో పలుగు స్థానంలో నెఫిలిన్ అనే ఖనిజం కూర్చుంది. ఈ రెంటికీ ఒక్క ఇంట్లో పొసగదు. కరిగిన రాతిలో సిలికా చాలినంత ఉంటే నెఫిలిన్ నిలవదు, ఫెల్స్‌పార్ అయిపోతుంది. కనుక నెఫిలిన్ కనబడిందంటే అక్కడ సోడియం, పొటాషియం ఎక్కువ, సిలికా తక్కువ అని అర్థం. క్షారాలు దండిగా ఉండి సిలికా కూడా మిగిలితే ఆల్కలీ గ్రానైట్ అవుతుంది. ఈజిప్టులోని ఆస్వాన్‌కు పాతపేరు సైనీ, దానినిబట్టి సైనైట్ అన్నారు. తీరాచూస్తే అక్కడి ప్రసిద్ధమైన రాయి నేటి లెక్క ప్రకారం గ్రానైటే! మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కూడా అంతే, అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారానికి పేరుతో పనేమిటి?

ఏల్చూరు, పూరిమెట్ల, ఉప్పలపాడు ఇలా వరుసగా కనబడే ఈ శిలలన్నిటినీ కలిపి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సి. లీలానందం గారు 1989లో ‘ప్రకాశం క్షార శిలామండలం’గా వివరించారు. జిల్లా ఏర్పడింది 1970లో, ప్రకాశం పంతులుగారి పేరు పెట్టింది 1972లో. ఆ పేరు ఇప్పుడు ప్రపంచ భూగర్భ గ్రంథాలలో ఉంది.

ఇక ఈ రాయి పుట్టుక. ఇంట్లో కాఫీ ఫిల్టరు తలచుకోండి. కొద్ది నీళ్ళతో దిగిన మొదటి డికాషన్ చిక్కగా ఉంటుంది. మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తే పలచబడుతుంది. భూమి లోపల, పైపొర అడుగున ఉన్న రాయి ఎక్కువగా కరిగితే మామూలు లావా వస్తుంది. నూటికి ఏ కొద్ది పాళ్ళో కరిగితే, సులువుగా ద్రవంలోకి వచ్చే సోడియం, పొటాషియం వంటివి అందులో చిక్కగా చేరతాయి. పైకి వస్తూ అది మెల్లగా చల్లారుతుంది. చినగంజాం ఉప్పు కొటార్లలో ఉప్పు గడ్డకట్టాక మిగిలే నీరు చేదుగా ఉండటం చూశారు కదా, స్ఫటికంలో ఇమడనిదంతా ఆ మిగులు నీటిలోనే ఉంటుంది. ఇక్కడా అంతే. ముందు బరువైన ఖనిజాలు గడ్డకట్టి విడిపోతాయి. మిగిలిన ద్రవంలో క్షారాలు ఇంకా పెరుగుతాయి, వాటితోపాటు ఫ్లోరిన్ కూడా. ఆ మాట గుర్తుంచుకోండి.

ఇలాంటి ద్రవం తరచు పుట్టేది ఖండం సాగి చీలేచోట. ఈనాడు తూర్పు ఆఫ్రికాలో జరుగుతున్నది అదే. మన శిలల వయస్సు జిర్కాన్ గింజలనుబట్టి సుమారు 130 నుంచి 135 కోట్ల సంవత్సరాలు. అంటే అప్పుడు మన పత్తిచేల చోట భూమి చీలుతూ ఉండేదన్నమాట! తరువాత ఆ చీలిక మూసుకుపోయి, భూఖండాలు ఒరుసుకొని తూర్పు కనుమలు లేచాయి. ఆ ఒత్తిడికి నలిగిన గుర్తులు ఈ రాళ్ళలో ఉన్నాయి. నలిగిన క్షార శిలలు వరుసగా కనబడితే అక్కడ ఒకప్పుడు సముద్రం తెరుచుకొని మూసుకుపోయిందని ఊహించవచ్చునని కెవిన్ బర్క్, లీలానందం ప్రభృతులు 2006లో వాదించారు.

ఇప్పుడు ఫ్లోరిన్ మాట. ఈ ప్రాంతపు గ్రానైటు, సైనైటు జాతుల్లో అభ్రకం, హార్న్‌బ్లెండ్, అపటైట్, అక్కడక్కడ ఫ్లోరైట్ రూపంలో అది దాగి ఉంటుంది. వానలు తక్కువ, నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నీటిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడును కొంత కట్టిపడేస్తుంది. కాని మన నేలలో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకొని నీటినుంచి తప్పుకుంటుంది. మిగిలిన సోడియం నీటిలో ఫ్లోరైడు యథేచ్ఛగా పెరుగుతుంది.

1937లో షార్ట్, ఆయన సహచరులు మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట వెల్లడించింది నాటి నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. తూర్పు ఆఫ్రికా చీలిక వెంబడి ఊళ్ళలోనూ పిల్లల పళ్ళమీద ఇవే మచ్చలు.

నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నీటి అన్వేషణ పనిలో ఉన్న రోజుల్లో దర్శి వైపు ఒక ఊళ్ళో బోరుకు చోటు చూపించాను. నీరు ఉబికింది. కొబ్బరికాయ కొట్టారు, నాకు దండ వేశారు. ఎన్ని అంగుళాలని కొలిచానేగాని, నీటిలో ఏముందని పరీక్ష చేయించలేదు. పదేళ్ళ తరువాత పెళ్ళికని ఆ ఊరే వెళ్ళాను. పందిట్లో ఆడుకుంటున్న పిల్లలు నవ్వితే పళ్ళమీద గోధుమరంగు చారలు. ఓ పెద్దాయన నా చెయ్యి పట్టుకొని, ‘‘బాబుగారూ, మీరు చూపిన బోరే, ఇంతవరకు ఎండలేదండీ’’ అన్నాడు. ఆ పూట నాకు భోజనం సహించలేదు.

ప్రతి కీళ్ళనొప్పీ ఫ్లోరైడు వల్లనే అని నేననటంలేదు, మన వయస్సు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాని బోరునీరు తాగే ఇంట్లో మనవలుంటే పరీక్ష తప్పదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడపోసినా పోదు. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి, ఆర్.ఓ. యంత్రం పనిచేస్తాయి.

వచ్చే నెల సమావేశానికి మీ బోరునీరు ఒక లీటరు తీసుకురండి, కలిపి పరీక్షకు పంపుదాం. గాజుసీసా వద్దు, శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ సీసా కావాలి. దానిమీద మీ ఊరు, బోరు లోతు రాసి అంటించండి. సెలవు.